"మందు తాగాడు" అంటే ఏ మందు? - 108 బండి కాగితం నేర్పే పాఠం



ఈ నెల పాఠం మనసుకు కష్టం కలిగించేది. అయినా చెప్పక తప్పదు. మన పొదిలి చుట్టుపక్కల పత్తి, మిరప వేసే ఊళ్ళలో పురుగుమందు డబ్బా లేని ఇల్లు తక్కువ. ఆ డబ్బా వల్ల ఒక్క మనిషినైనా పోగొట్టుకోని ఊరు ఇంకా తక్కువ.

పురుగుమందు తాగినవారిని, మాత్రలు ఎక్కువగా మింగినవారిని 108 బండిలో తెచ్చేటప్పుడు ఏయే సంగతులు రాసుకోవాలి? ఆ రాత వలన ఆ రోగికి ఏమి మేలు? ఊళ్ళన్నిటి కాగితాలు ఒకచోట చేర్చి చూస్తే మనందరికీ ఏమి మేలు? ఇదే ఈ నెల పాఠం.

1. ఒక మాట, మూడు అర్థాలు

"మా వాడు మందు తాగాడండీ, తొందరగా రండి!" కంగారులో ఎవరైనా ఇలాగే ఫోన్ చేస్తారు. మనవైపు ఈ మాటకు మూడు అర్థాలు ఉన్నాయి. చేనుకు కొట్టే పురుగుమందు తాగాడని ఒక అర్థం. సారా, బ్రాందీ తాగాడని ఒక అర్థం. డాక్టరు ఇచ్చిన మందు తాగాడని ఇంకొక అర్థం. ఫోన్ ఎత్తినవారికి ఇందులో ఏది తెలియాలి?

మా క్యాజువాలిటీ రిజిస్టరులో కూడా పాత పేజీలు తిరగేస్తే "మందు తాగెను" అని మాత్రమే రాసి ఉన్న వరుసలు కనబడతాయి. అవి రాసింది మేమే. ఆ వరుస నుంచి ఈరోజు ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. అందుకే ఇప్పుడు మా నర్సు విద్యార్థులకు మొదటి రోజే చెబుతున్నాము: "మందు" అని రాయవద్దు, పేరు రాయండి. పేరు తెలియకపోతే "పురుగుమందు - పేరు తెలియదు", "గడ్డిమందు", "ఎలుకల మందు", "నిద్రమాత్రలు", "తలకు వేసే నల్లరంగు" అని విడిగా రాయండి.

2. కాగితం లేక మేము పడిన కష్టం

కొన్ని సంవత్సరాల క్రితం, మిరప కోతల రోజుల్లో, రాత్రి తొమ్మిది దాటాక ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. అత్తగారిని "ఎప్పుడు తాగింది?" అని అడిగితే "ఇప్పుడేనమ్మా" అన్నది. అమ్మాయి ఒళ్ళు కాలిపోతోంది, నోరు ఎండిపోయింది, నాడి పరుగెడుతోంది, మంచం మీద నిలవడం లేదు, ఎవరినో పిలుస్తోంది. కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి. సాధారణంగా పత్తికి కొట్టే పురుగుమందు తాగినవారికి కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, నోటివెంట చొంగ కారుతుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది.

విషం వేరేదా? లేక విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షన్ ఎక్కువైందా? అట్రోపిన్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది. ఎన్ని ఇంజెక్షన్లు పడ్డాయో చెప్పేవారు లేరు. డ్యూటీ డాక్టరుగారు ఇంకా ఇవ్వాలా, ఆపాలా అని తేల్చుకోవడానికి చాలాసేపు పక్కనే నిలబడి చూడవలసి వచ్చింది.

తెల్లవారి దుప్పటి మార్చేటప్పుడు స్ట్రెచరు పరుపు కింద 108 వారి కాగితం దొరికింది. అందులో అంతా ఉంది! ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు ముందే అట్రోపిన్ వేశారని, ఆ తర్వాత బండిలో ఎన్ని వేశారో, ఏ నిమిషంలో వేశారో, అప్పుడు కంటిపాపలు ఎలా ఉన్నాయో రాసి ఉంది. తాగింది మధ్యాహ్నం అన్నం వేళకు అని కూడా రాసి ఉంది. బండిలో వచ్చిన పిల్లవాడు శ్రద్ధగా రాశాడు. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని చదవనిది మేము. తప్పు మాది.

దేవుని కృపవలన ఆ అమ్మాయి బ్రతికింది, చాలా రోజులు వార్డులో ఉండి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. కాని ఆ కాగితాన్ని మేము మరిచిపోలేదు. అప్పటినుంచి మా క్యాజువాలిటీలో ఒక నియమం ఉంది. రోగిని మంచం మీదికి మార్చిన వెంటనే, బండి వెళ్ళకముందే, 108 వారి నోటిమాట ఒకసారి వినాలి, కాగితం తీసుకొని కేసు షీటుకు పిన్ను కొట్టాలి. ఆ తర్వాతే సంతకం.

3. 108 బండి ఎలా వచ్చింది?

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు పురుగుమందు తాగినవారు ట్రాక్టరు మీద, ఆటోలో, ఒక్కోసారి ఆర్.టి.సి. బస్సులో వచ్చేవారు. దారిలో ఏమి జరిగిందో చెప్పేవారు ఉండేవారు కాదు, రాసేవారు అసలే లేరు. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 సేవలకు కలిపి 1,088 వాహనాలను ఒకేసారి ప్రారంభించారు. ఫోన్ చేసిన తర్వాత పట్టణాల్లో 15 నిమిషాలకు, పల్లెల్లో 20 నిమిషాలకు, ఏజెన్సీ ప్రాంతాల్లో 30 నిమిషాలకు బండి చేరాలని అప్పుడు లక్ష్యం పెట్టారు.

బండిలో ఇద్దరు ఉంటారు. బండి నడిపేవారిని పైలట్ అంటారు. రోగిని చూసుకొనేవారు ఈ.ఎం.టి. వారు డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, వారు చెప్పిన ప్రకారం ఆక్సిజన్, సెలైన్, అవసరమైతే అట్రోపిన్ ఇస్తారు. చేసినదంతా ఒక కాగితం మీద రాస్తారు. మన ఇంటి గుమ్మం నుంచి ఆసుపత్రి మంచం వరకు నడిచిన కథ ఆ కాగితంలోనే ఉంటుంది.

4. ఐదు సమయాలు

ఆ కాగితంలోగాని, మన చేతి మీదగాని, అట్టముక్క మీదగాని ఈ ఐదు సమయాలు ఉండాలి:

(1) తాగిన లేక మింగిన సమయం.
(2) 108కి ఫోన్ చేసిన సమయం.
(3) బండి ఇంటికి చేరిన సమయం.
(4) మొదటి వైద్యం అందిన సమయం. ఆర్.ఎం.పి. గారు వేసిన ఇంజెక్షన్ కూడా ఇందులోకే వస్తుంది.
(5) ఆసుపత్రిలో అప్పగించిన సమయం.

రెండవది, మూడవది, ఐదవది ఫోనులోనూ బండిలోనూ ఉండే యంత్రాలే చూపిస్తాయి. నాల్గవది బండిలోనివారు రాస్తారు. మొదటిది మాత్రం ఏ యంత్రమూ చెప్పలేదు. ఇంటివారే చెప్పాలి. మాకు తరచుగా అబద్ధం వచ్చేది కూడా అక్కడే. "ఇప్పుడే" అంటారు. ఉదయం తాగినా "ఇప్పుడే". ముందు దాచిపెట్టి, ఉప్పునీళ్ళు పట్టి, ఊళ్ళో ఇంజెక్షన్ వేయించి, చీకటి పడ్డాక ఫోన్ చేసినా "ఇప్పుడే".

బండి ఆలస్యమైందని చాలామంది బాధపడతారు. కొన్నిసార్లు నిజమే, ఆలస్యం అవుతుంది. కాని మేము ఐదు సమయాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు చాలాసార్లు కనబడేది వేరు. ఫోన్ చేశాక బండి రావడానికి పట్టిన కాలం కంటే, తాగిన తర్వాత ఫోన్ చేయడానికి పట్టిన కాలమే ఎక్కువ. బండిని తొందరపెట్టడం మన చేతిలో లేదు. ఫోన్ తొందరగా చేయడం మన చేతిలోనే ఉంది.

5. సమయం మారితే వైద్యం మారుతుంది

"ఎప్పుడు తాగితే ఏమిటి, వైద్యం చేయండి" అంటారు కొందరు. సమయం తెలియకుండా సరైన వైద్యం చేయలేము. ఎందుకో చూడండి.

కడుపు కడగడం: దీనివల్ల మేలు ఉంటే మొదటి గంటలోనే ఎక్కువ. ఉదయం తాగినవారికి రాత్రి కడుపు కడిగితే ప్రయోజనం కంటే ప్రమాదమే ఎక్కువ. "ఇప్పుడే" అనే అబద్ధం రోగి గొంతులోకి అనవసరంగా గొట్టం దింపిస్తుంది.

జ్వరం మాత్రలు (పారాసిటమాల్): ఎక్కువ మింగినవారు మొదటిరోజు మామూలుగానే కనబడవచ్చు. లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. దీనికి మంచి విరుగుడు ఉంది. అది 8 గంటలలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. రక్తపరీక్ష కూడా మింగిన 4 గంటల తర్వాతే సరిగా చెబుతుంది. అంటే ఇక్కడ గడియారమే డాక్టరుకు దారి చూపుతుంది.

ఎలుకల మందు పేస్టు: ఒక పిల్లవాడు పరీక్ష తప్పి ఈ పేస్టు తిన్నాడు. రెండు రోజులు బాగానే ఉన్నాడు. "బాగానే ఉన్నాడుగదమ్మా, ఇంటికి పంపండి" అని తండ్రి పట్టుబట్టి సంతకం పెట్టి తీసుకెళ్ళాడు. నాలుగో రోజు కళ్ళు పచ్చబడి తిరిగి తెచ్చారు. మేము వాడిని పెద్దాసుపత్రికి పంపించాము గాని బ్రతకలేదు. మధ్యలో బాగున్నట్లు కనబడటమే ఈ విషం గుణం. తిన్న తేదీ, వేళ పెద్ద అక్షరాలతో రాసి ఉంచితే ఆ తండ్రికి చూపించి ఆపగలిగేవారమేమో అని ఇప్పటికీ అనుకుంటాము.

తలకు వేసే నల్లరంగు: ఇది మింగితే కొన్ని గంటల్లో నాలుక, గొంతు, మెడ వాస్తాయి. ఊపిరి ఆడదు. తర్వాత మూత్రం నల్లగా వచ్చి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఫోన్‌లో "నల్లరంగు" అన్న ఒక్క మాట చెబితే గొంతు మూసుకుపోకముందే సిద్ధంగా ఉంటాము.

పత్తి, మిరపకు కొట్టే పురుగుమందులు: వీటిలో చాలావాటికి అట్రోపిన్ విరుగుడు. రోగి తేరుకొని మాట్లాడినా 24 నుంచి 96 గంటల మధ్య మెడ నిలబడక, ఊపిరి కండరాలు బలహీనపడి ప్రమాదం రావచ్చు. "తల దిండు మీదనుంచి లేపు నాయనా" అని మా నర్సులు గంటగంటకు అడిగేది అందుకే. ఇంటికి తొందరపడవద్దు.

6. బండి వచ్చేలోగా

- ముందు 108కి ఫోన్. తర్వాతే మిగతా బంధువులకు.
- డబ్బా తీసి లేబుల్ చదవండి. కంపెనీ పెట్టిన పేరు పెద్దగా, అసలు మందు పేరు చిన్నగా ఉంటుంది. రెండూ చదవండి. లేబుల్ మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏదో ఒకటి ఉంటుంది. చదువు రాకపోతే ఆ రంగు చెప్పండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం. రంగు ఏదైనా ఆసుపత్రికి మాత్రం రావలసిందే.
- డబ్బా, సీసా, మాత్రల అట్ట, వాంతి పడిన గుడ్డ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి బండిలో ఇవ్వండి. భయపడి డబ్బాను కాలువలో పారవేయవద్దు.
- ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, సబ్బునీళ్ళు పట్టి వాంతి చేయించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం.
- ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టండి. నోటిలో చొంగ తుడవండి. మందు పడిన బట్టలు తీసివేసి ఒళ్ళు సబ్బుతో కడగండి. మీ చేతులకు ప్లాస్టిక్ కవరు చుట్టుకోండి.
- గడియారం చూసి ఐదు సమయాలు రాయండి. కాగితం లేకపోతే రోగి చేతి మీదే పెన్నుతో రాయండి. మేము తప్పుపట్టము, సంతోషిస్తాము.

7. కాగితాలు ఒకచోట చేరితే

ఒక్క కాగితం ఒక్క రోగికి ఉపయోగం. వంద ఊళ్ళ కాగితాలు ఒకచోట చేరితే దేశానికి ఉపయోగం. దీనికి మన తెలుగు నేలమీదనే మంచి సాక్ష్యం ఉంది. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారిని లెక్కపెట్టారు. మొత్తం 8,040 మంది. వందకు 22 మందికి పైగా చనిపోయారు. 2002 సంవత్సరం కేసులను వివరంగా చూస్తే మూడింట రెండు వంతులు 30 ఏళ్ళలోపువారే. మందు పేరు తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండు మందులవే. "మందు తాగెను" అని మాత్రమే రాసి ఉంటే ఈ సంగతి బయటపడేదా?

శ్రీలంకలో ఇలాంటి లెక్కలు చూసి 1995లో మోనోక్రోటోఫాస్‌ను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపివేశారు. 1995 నుంచి 2005 వరకు పదేళ్ళలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది. మన దేశంలో 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం మీద 2023లో కేంద్రం నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. మనుషులకు కష్టాలు అక్కడా పోలేదు, ఇక్కడా పోలేదు. కాని కోపంలో చేతికి అందిన డబ్బా తక్కువ విషమైతే, మనసు మార్చుకొనేందుకు మనిషి మిగులుతాడు.

అమెరికాలో బాధ వేరు. అక్కడ నల్లమందు జాతికి చెందిన మత్తుమందులు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంది. నాలోక్సోన్ అనే విరుగుడు ఇస్తారు. 2017లో అక్కడ ఓడీమ్యాప్ అనే పద్ధతి మొదలుపెట్టారు. అంబులెన్సువారు, పోలీసులు ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని నాలోక్సోన్ మోతాదులు పడ్డాయో వెంటనే నమోదు చేస్తారు. ఒక ప్రాంతంలో ఒక్కసారిగా కేసులు పెరిగితే ఆ చుట్టుపక్కలవారికి హెచ్చరిక వెళుతుంది. పేర్లు అవసరం లేదు. చోటు, వేళ, విషం చాలు.

మనకు అలాంటిది ఎందుకంటారా? కురిచేడును గుర్తు తెచ్చుకోండి. 2020 జూలై చివరలో, కరోనా కట్టడి వలన మద్యం దుకాణాలు మూసి ఉన్నప్పుడు, అక్కడ శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. కురిచేడు మనకు దూరం కాదు. ఒకే ఊరినుంచి ఒకేరోజు ఇద్దరు ముగ్గురు ఒకే లక్షణాలతో వస్తే, వారిని వేర్వేరు బండ్లు, వేర్వేరు ఆసుపత్రులు చూస్తే, ఆ కాగితాలు కలిపి చూసేవారు లేకపోతే నాలుగోవాడిని ఎవరు ఆపుతారు? అందుకే ఒకే ఊరినుంచి రెండో కేసు రాగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేయాలని మా వార్డులో గోడకు రాసి పెట్టుకున్నాము.

8. కేసు అవుతుందని భయపడవద్దు

ఫోన్ ఆలస్యానికి పెద్ద కారణం ఈ భయమే. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అది 2018లో అమలులోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగి పనిని అడ్డుకోవడానికి చేసే బెదిరింపు మాత్రం వేరే విషయం. మేము ఆసుపత్రిలో ఎం.ఎల్.సి. రాయడం మా విధి. అది రోగిని జైలుకు పంపే కాగితం కాదు. అందుచేత నిజం చెప్పండి.

మనసు కుంగినవారు, వారి ఇంటివారు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన టెలీ మానస్ సేవ ఇది. తెలుగులో మాట్లాడతారు. డిశ్చార్జి అయి వెళ్ళినవారి ఇంటికి మొదటి వారంలో ఎవరో ఒకరు వెళ్ళాలి. పాస్టరుగారు గాని, స్త్రీల సమాజం వారు గాని, ఆశా కార్యకర్త గాని. "ఎందుకు చేశావు?" అని నిలదీయవద్దు. "అన్నం తిన్నావా తల్లీ?" అని అడగండి, చాలు. మిగతాది వారే చెబుతారు.

9. అప్పగించడం కూడా సేవే

మంచి సమరయుని కథ మనకు బాగా తెలుసు. దారిలో పడి ఉన్నవానికి నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తన పశువు మీద ఎక్కించాడు. అంతటితో ఆగలేదు. సత్రంలో దింపి, ఆ రాత్రి తానే చూసుకొని, మరునాడు సత్రపువానికి డబ్బు ఇచ్చి, ఇతన్ని చూసుకో, మళ్ళీ వస్తాను అని చెప్పి అప్పగించాడు. గుమ్మంలో వదిలి వెళ్ళిపోలేదు. 108 బండి పిల్లలు కాగితం మా చేతికి ఇచ్చేది అటువంటి అప్పగింతే. దానిని పరుపు కింద పడవేయకుండా చదవడం మా వంతు. దానిలో మొదటి వరుస నిజంగా నింపడం మీ వంతు.

కూడికలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. "మందు తాగాడు" అని ఫోన్ చేస్తే ఏ మూడు అర్థాలు రావచ్చు? మీరైతే ఏమని చెబుతారు?
2. ఐదు సమయాలు ఏవి? వాటిలో ఇంటివారు మాత్రమే చెప్పగలిగినది ఏది?
3. ఎలుకల మందు తిన్నవారు రెండురోజులు బాగుంటే ఇంటికి తీసుకెళ్ళవచ్చా? ఎందుకు?
4. మీ ఇంట్లో పురుగుమందు డబ్బా ఇప్పుడు ఎక్కడ ఉంది? తాళం ఉందా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?
5. మీ ఊళ్ళో ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినవారిని చూడటానికి ఎవరు వెళతారు?

నాల్గవ ప్రశ్నకు జవాబు కూడికలో చెప్పనవసరం లేదు. ఇంటికి వెళ్ళగానే ఆ డబ్బాను తాళం ఉన్న పెట్టెలో పెట్టండి.

ప్రభువు మీ ఇండ్లను కాపాడును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్, మిషన్ ఆసుపత్రి, పొదిలి